ముందు నాచా, మరకా?

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఊళ్ళలో మనవాళ్ళ ఇళ్ళు కొన్నిటికి పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. పూల్ కోసమే ఇల్లు కొన్నవాళ్ళు కొందరు. ఇల్లు నచ్చి, దాంతోపాటు వచ్చిన పూల్‌ని సాకుతున్నవాళ్ళు మరికొందరు. ఈ సంవాదంలో అల్లుడు రెండో కోవ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మావగారు రాజమండ్రిలో నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలలకని కూతురింటికి వచ్చారు. జూన్ ఎండలు. పూల్ నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. మెట్ల మీద నీలిపచ్చ చిలుము, పచ్చిక వైపు అంచున తుప్పు మచ్చలు. జులై 4 సెలవుకి పది కుటుంబాలని పిలిచేసి ఉన్నారు. మనుషులిద్దరూ కల్పితం, నీళ్ళ సంగతులు కావు.

అల్లుడు: మావయ్యగారూ, నేను తేల్చేసుకున్నాను. శనివారం పంపు పెట్టి మొత్తం తోడించేస్తాను. అడుగంతా ఆసిడ్‌తో కడిగిస్తే నాచూ పోతుంది, మరకలూ పోతాయి. కొత్త నీళ్ళు పట్టుకుంటే గొడవ వదిలిపోతుంది.

మావగారు: ఎన్ని నీళ్ళు పడతాయండీ అందులో?

అల్లుడు: 18,000 గ్యాలన్లు. అంటే 68,000 లీటర్లు.

మావగారు: మీ కంచె పక్కన నేల చూశారా? చెయ్యి దూరేటంత బీటలు. అచ్చం మన నల్లరేగడే.

అల్లుడు: ఈ ప్రాంతాన్ని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. హ్యూస్టన్ బ్లాక్ అనే నల్లమట్టిని టెక్సస్ రాష్ట్రపు మట్టిగా చెప్పుకుంటారు కూడా. అయితే ఏమిటి?

మావగారు: నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. చుట్టూ మట్టి ఆ కాంక్రీటు తొట్టిని నెడుతుంటే, లోపలి నీళ్ళ బరువే దానికి ఎదురు కాస్తోంది. నీళ్ళు తీసేశారనుకోండి, గోడ బీట వేయొచ్చు. వాన పడి అడుగున నీరు నిలిచి ఉంటే తొట్టి మొత్తం పైకి తేలిపోయినా తేలిపోవచ్చు. అప్పుడు మీకు మిగిలేది మరక కాదు, బ్యాంకు అప్పు.

అల్లుడు: అందుకేగా అడుగున డ్రెయిన్ దగ్గర ఒత్తిడి వదిలే వాల్వు పెడతారు.

మావగారు: మీదాంట్లో ఉందా? చూశారా?

అల్లుడు: డ్రెయినే కనబడటం లేదు, వాల్వు ఎక్కడ చూడను?

మావగారు: ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను దానికి. ఇక ఆసిడ్‌తో కడగడం అంటే మరకని కడగడం అనుకుంటున్నారు. కాదు. ప్లాస్టర్ పైపొరని కరిగించేస్తే దానితోపాటు మరక పోతుంది. మిగిలిన ప్లాస్టర్ గరుకు తేలుతుంది. ఆ గరుకులోకి నాచు ఇంకా సుఖంగా దూరుతుంది. ఇలా ఎన్నిసార్లు చెక్కుకుంటూ పోతారు?

అల్లుడు: సరే, ఆసిడ్ కడుగుడు మానేస్తాను. కానీ నీళ్ళు మార్చడం మాత్రం తప్పదు. దానికి కారణం నాచు కాదు. ఇదిగో, నిన్న రాత్రి పరీక్ష చేశాను. సయనూరిక్ ఆసిడ్ 90 పీపీఎం ఉంది. 30 నుంచి 50 మధ్య ఉంటే చాలు.

మావగారు: అదేమిటి? మేం పరీక్షించేవాటిల్లో ఆ పేరే లేదే.

అల్లుడు: మీకు అవసరం పడదు. మీరు క్లోరిన్ కలిపిన నీళ్ళు మూసిన ట్యాంకులోకి, అక్కణ్ణుంచి గొట్టాల్లోకి పోతాయి. ఇది ఆరుబయట. ఏమీ కలపని క్లోరిన్ ఇంత ఎండలో గంట తిరక్కుండానే సగానికి పైగా హరించుకుపోతుంది. సయనూరిక్ ఆసిడ్ క్లోరిన్‌ని పట్టుకుని ఎండకి పోకుండా కాపాడుతుంది. ఎక్కువైతే అదే క్లోరిన్‌ని పని చేయనివ్వదు. స్కిమ్మర్ బుట్టలో వేసే ఆ తెల్ల బిళ్ళలు ఉన్నాయే, వాటిల్లో ఇదీ కలిసే ఉంటుంది. వాటితో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం ఇది కూడా వచ్చి చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, ఇది మిగిలిపోతుంది. నాచు చావాలంటే క్లోరిన్ ఈ ఆసిడ్ అంకెలో 40 శాతం దాకా ఉండాలి. 90కి 36 పీపీఎం. అంత నిలబెట్టడం నా వల్ల కాదు. సగం నీళ్ళు మారిస్తే ఇది 45కి దిగుతుంది, 18 పీపీఎం క్లోరిన్‌తో పని జరుగుతుంది.

మావగారు: ఇది బాగుంది. సగమైతే నాకూ అభ్యంతరం లేదు. గోడలకి బరువు మిగులుతుంది. పైగా నీళ్ళలో కరిగి ఉన్న రాగీ ఇనుమూ కూడా సగమవుతాయి. క్లోరిన్ ఉన్న నీళ్ళని వీధి కాలవలోకి వదలొద్దంటారేమో కనుక్కోండి.

అల్లుడు: చాలా ఊళ్ళలో అదే నిబంధన. క్లోరిన్ సున్నాకి వచ్చాకే తోడతాను. నాచు పుణ్యమా అని ఇప్పుడు ఉన్నదే సున్నా.

(మావగారు ఓ మెట్టు దిగారు, అల్లుడు ఓ మెట్టు దిగాడు. అసలు పేచీ ఇక్కడే మొదలైంది.)

అల్లుడు: సగం మార్చాక ముందు మరకల పని పడదాం. ఎందుకంటారా? క్లోరిన్ ఒక్కసారిగా గుమ్మరిస్తే నీళ్ళలో కరిగి కనబడకుండా ఉన్న ఇనుము తుప్పుగా మారి పైకి తేలుతుంది. పల్లెల్లో బావినీళ్ళతో పూల్ నింపుకున్నవాళ్ళు క్లోరిన్ వేయగానే నీళ్ళు డికాక్షన్ రంగుకి తిరిగాయని లబోదిబోమంటారు. ద్రవ క్లోరిన్ పోసిన కాసేపు పీహెచ్ కూడా పైకి పోతుంది, అప్పుడు రాగి గోడకెక్కుతుంది. ఉన్న మరకల మీద కొత్త మరకలు. కాబట్టి ముందు లోహాన్ని పట్టుకోవాలి, తరువాతే క్లోరిన్.

మావగారు: లోహాన్ని దేనితో పట్టుకుంటారు?

అల్లుడు: ఆస్కార్బిక్ ఆసిడ్. అంటే విటమిన్ సి. పది వేల గ్యాలన్లకి అర పౌండు నుంచి ఒక పౌండు. తుప్పులో ఉన్న ఇనుముని మళ్ళీ నీళ్ళలో కరిగే రూపానికి తెస్తుంది. చూస్తుండగానే గోడ తెల్లబడుతుంది.

మావగారు: అది వేసేటప్పుడు నీళ్ళలో క్లోరిన్ ఎంత ఉండాలి?

అల్లుడు: సున్నా. ఉంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

మావగారు: మరి మీ పూల్ నిండా బతికున్న నాచు. పైన జూన్ ఎండ, వేడినీళ్ళు. క్లోరిన్ సున్నా పెట్టి రెండు మూడు రోజులు ఉంచుతానంటారు. నాచుకి ఇంతకన్నా పండగ ఏముంటుంది? ఇంకోటి. మరక మీద జిగట పొర పట్టి ఉంటే మీ విటమిన్ మరక దాకా వెళ్ళనే వెళ్ళదు. ఆ పని అయ్యాక ఇనుము మళ్ళీ గోడకెక్కకుండా ఇంకో మందు పోస్తారు కదా?

అల్లుడు: ఔను, లోహాన్ని నీళ్ళలోనే కట్టిపడేసే మందు. ఎక్కువ వాటిల్లో ఫాస్ఫోనిక్ ఆసిడ్ రకం ఉంటుంది.

మావగారు: పెద్ద మోతాదులో క్లోరిన్ తగిలితే అది నిలుస్తుందా?

అల్లుడు: విరిగిపోతుంది. విరిగి... ఫాస్ఫేట్ అవుతుంది.

మావగారు: ఫాస్ఫేట్ అంటే నాచుకి ఎరువు. చూశారా, మరక ముందు తీస్తే ఏం జరుగుతుందో మీ నోటితోనే చెప్పారు. కట్టిపడేశామనుకున్న లోహం విడిపోతుంది, నాచుకి మేత దొరుకుతుంది, తరవాత నాచు కోసం క్లోరిన్ గుమ్మరిస్తే మరకలు మళ్ళీ ప్రత్యక్షం. నాచుకి మందు క్లోరిన్. తుప్పుకి మందు వేయాలంటే క్లోరిన్ ఉండకూడదు. ఈ రెండు వైద్యాలూ ఒకేసారి పొసగవు. నాచుదే ముందు.

అల్లుడు: అంటే క్లోరిన్ వల్ల మరకలు పెరుగుతాయని ఒప్పుకుంటున్నారన్నమాట.

మావగారు: పెరగనివ్వండి. పెరిగినా చివర్న ఒక్కసారే తీసుకుంటాం. పీహెచ్ ముందే 7.2కి దించి ఉంచితే పెద్దగా పెరగవు కూడా. ఆ దించడమేదో క్లోరిన్ పోయకముందే చేయండి. నీళ్ళలో క్లోరిన్ 10 పీపీఎం దాటితే ఆ ఎర్ర చుక్కల మందు పీహెచ్‌ని తప్పు చూపిస్తుంది. దాన్ని నమ్మి ఆసిడ్ పోస్తారు, హీటరు లోపలి రాగి గొట్టాన్ని మీరే ఆసిడ్‌కి తినిపించేస్తారు. 7.2 మంచిదనడానికి ఇంకో కారణం ఉంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే చురుగ్గా పని చేసే రూపంలో ఉంటుంది. 8కి పోతే పావు వంతు.

అల్లుడు: నీటి శాఖ వారి అంకెలు మర్చిపోలేదు మీరు.

మావగారు: వరద గోదారి ఎర్రనీళ్ళు వస్తుంటే అంకెలు మర్చిపోయి ఊరికి ఏం తాగిస్తాం? సరే, క్లోరిన్ వేశాక నీళ్ళు తేటపడటానికి పటిక వేద్దాం. ఎంత మడ్డి ఉన్నా పటిక అడుక్కి దించేస్తుంది.

అల్లుడు: ఇందులో మాత్రం మీరు ఆగాలి. మీ దగ్గర పటిక వేశాక మడ్డి దిగడానికి పెద్ద తొట్టి, అడుగున బురద బయటికి పోవడానికి దారి ఉంటాయి. నా ఫిల్టరు కార్ట్రిడ్జ్ రకం. నీళ్ళని ఫిల్టరుకి తగలకుండా నేరుగా బయటికి పంపే వాల్వు లేదు. పటిక మడ్డి పీల్చానంటే కార్ట్రిడ్జ్ మడతలన్నీ బిగుసుకుపోతాయి. పటిక పీహెచ్‌ని, ఆల్కలినిటీని కూడా లాగేస్తుంది. చచ్చిన నాచుని ఫిల్టరే పట్టుకుంటుంది. పంపు 24 గంటలూ నడిపి, ఒత్తిడి పెరిగినప్పుడల్లా కార్ట్రిడ్జ్ తీసి గొట్టంతో కడుగుతాను.

మావగారు: పటిక లేకుండా నీళ్ళు తేరుతాయంటే నాకు నమ్మకం లేదు గానీ, ఫిల్టరు మీది. కానివ్వండి.

(ఈ విషయంలో అల్లుడిదే రైటు. ఊరికంతటికీ నీళ్ళు తేర్చిన మనిషికి, ఒక్క ఇంటి పెరట్లో ఆ పనిముట్లు లేవని గుర్తుకి రావడం కష్టం.)

అల్లుడు: రెండు మూడు రోజులకి తేరిపోతుందనుకుంటా. సాయంత్రం పొద్దుగూకాక 10 శాతం ద్రవ క్లోరిన్ మూడు గ్యాలన్ల పైన పడుతుంది 18కి రావాలంటే. తరవాత తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉండాలి.

మావగారు: నీళ్ళు తేరగానే ఆపేస్తారు కదూ? అక్కడే అందరూ బోల్తా పడేది.

అల్లుడు: ఆపను. మూడు గుర్తులు చూస్తాను. నీళ్ళు తేటగా ఉండాలి. రాత్రి పరీక్షించి, తెల్లారకముందే మళ్ళీ పరీక్షిస్తే 1 పీపీఎంకి మించి తగ్గకూడదు. ఎండ లేని వేళ క్లోరిన్ తగ్గుతోందంటే ఇంకా ఏదో బతికి ఉండి తింటోందన్నమాట. వాడేసిన క్లోరిన్ 0.5కి లోపల ఉండాలి.

మావగారు: బాగుంది. ఇంకోటి చెప్తాను. కరెంటు ఆపేసి, ఆ గోడలో లైటు ఉంది చూడండి, దానికి పైన ఒక్కటే స్క్రూ. అది తీసి లైటుని బయటికి లాగండి. మొన్న మీరు ఆఫీసుకి వెళ్ళాక బ్రేకరు ఆపి లాగి చూశాను. వెనక గూట్లో అంగుళం మందాన పాకుడు, మధ్యలో లైటు వైరు చుట్ట మొత్తం ఆకుపచ్చ జడలాగ ఉంది. అక్కడ నీళ్ళు కదలవు, క్లోరిన్ వెళ్ళదు. మీరు ఏటేటా ఇంత ఖర్చు పెట్టి నాచు చంపుతుంటే, విత్తనం ఆ గూట్లోంచి వస్తోంది. నిచ్చెన కాళ్ళ కింద గిన్నెలూ విప్పండి.

అల్లుడు: ఏటేటా నాచు మందు కూడా పోస్తూనే ఉన్నాను.

మావగారు: ఆ సీసానేనా? దాని మీద అచ్చువేసింది చదివారా? కాపర్. మనవాళ్ళు సున్నంలో మైలుతుత్తం కలిపి బోర్డో మిశ్రమమని చెట్లకి కొడతారు, ఆ మైలుతుత్తంలో ఉన్న రాగే ఇదీను. చెట్టు మీద కొడితే వాన కడుగుతుంది. పూల్లో పోస్తే ఎక్కడికి పోతుంది? ఆవిరయ్యేది నీళ్ళే. మూడు వేసవులు పోసిందంతా అక్కడే ఉంది, ఆ మెట్ల మీద చిలుమై కూర్చుంది. పక్కింటి బంగారు జుట్టు పాప జుట్టు పచ్చబడిందని వాళ్ళమ్మ క్లోరిన్‌ని తిడుతోందని అమ్మాయి చెప్పింది. క్లోరిన్ కాదు, మీ రాగి.

అల్లుడు: తుప్పు మచ్చలు కూడా నా పుణ్యమేనా? ఊరి కుళాయి నీళ్ళే పోస్తున్నాను, వాటిల్లో ఇనుము పెద్దగా ఉండదు.

మావగారు: ఉండదు. అందుకే మచ్చలు పచ్చిక వైపు అంచున మాత్రమే ఉన్నాయి. ఇక్కడ పచ్చిక నిగనిగలాడాలని ఇనుము కలిపిన ఎరువు గుళికలు చల్లుతారు. చల్లే బండి అంచు దాకా తోస్తే నాలుగు గుళికలు నీళ్ళలోకి. ఒక్కో గుళిక పడ్డచోట ఒక్కో మచ్చ. పరీక్ష చేశాను. నా సంచిలో ఉన్న విటమిన్ సి మాత్రని మచ్చ మీద అదిమి పట్టాను. అర నిమిషం. తీస్తే మాత్ర అంత గుండ్రంగా ప్లాస్టర్ తెల్లగా బయటపడింది. కాబట్టి ఇనుమే. మెట్ల మీద చిలుముకి అదే మాత్ర పెడితే పెద్ద తేడా లేదు. పొడి ఆసిడ్ గుడ్డలో మూటకట్టి పెడితే కదిలింది. ఇత్తడి చెంబు మీద చింతపండు చేసే పని అది. ఆ స్కిమ్మర్ పక్కన గోధుమ మరక ఒకటి ఉంది, అది రెండింటికీ లొంగలేదు. క్లోరిన్ తగిలిస్తే పలచబడింది. అది లోహం కాదు, పెకాన్ ఆకు కుళ్ళిన మరక. మీ 18 పీపీఎంకి అదే పోతుంది. మూడు మరకలకీ ఒకటే మందు కొనబోయారు మీరు.

అల్లుడు: కొన్నాను కూడా. ఆర్డరు పెట్టేశాను.

మావగారు: తుప్పు మచ్చలకి సరిపడా ఉంచుకుని మిగతాది వెనక్కి పంపండి. ఒక్క మాట, తెల్ల బిళ్ళలూ ఆ సంచిలో ఉన్న షాక్ పొడీ ఒకే చోట పెట్టారు గరాజులో. తెల్ల బిళ్ళలు వేరే జాతి, క్యాల్షియం హైపోక్లోరైట్ పొడి వేరే జాతి. రెండూ కాస్త తడితో కలిశాయంటే మండిపోతాయి, పేలనూ పేలొచ్చు. ద్రవ క్లోరిన్ పక్కన ఆసిడ్ డబ్బా పెట్టారు. అవి కలిస్తే వచ్చే క్లోరిన్ గ్యాసే మా కేంద్రంలో టన్నర్లనే పెద్ద సిలిండర్లలో ఉండేది. లీకేదో అనుమానం వస్తే అమోనియాలో ముంచిన గుడ్డ చూపించి, తెల్ల పొగ ఎక్కడ లేస్తుందో చూసేవాళ్ళం. అంత భయపడుతూ వాడినదాన్ని మీరు పిల్లవాడి సైకిలు పక్కన పెట్టుకున్నారు.

అల్లుడు: ఇవాళే సర్దేస్తాను. కానీ మావయ్యగారూ, మీ వరస ప్రకారం పోతే జులై 4కి నాచు పోతుంది, మరకలు ఉండిపోతాయి. పది కుటుంబాలు వస్తున్నాయి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

మావగారు: మరక ఉన్న పూల్లో ఈదినవాడెవడూ చచ్చిపోలేదు. మీరు ఇందాక డ్రెయిన్ కనబడటం లేదన్నారు, గుర్తుందా? ఎనిమిది అడుగుల లోతులో అంత డ్రెయిన్ మూత కనబడకపోతే, పడిపోయిన పిల్లవాడు కనబడతాడా? ఈ దేశంలో ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లల చావులకి మొదటి కారణం నీళ్ళలో మునగడమేనని ప్రభుత్వ ఆరోగ్య శాఖే చెబుతోంది. మరక మనిషిని ముంచదు. నీళ్ళు మసకగా ఉంటే ప్రమాదం ఎక్కువ. నాచు ముందంటున్నది రసాయనం కోసమే కాదు.

అల్లుడు: (కాసేపాగి) మనవాడికి ఐదేళ్ళు నిండలేదు.

మావగారు: అందుకే చెప్తున్నాను.

అల్లుడు: సరే. సగం నీళ్ళు, పీహెచ్, క్లోరిన్. జులై 4 తరవాత క్లోరిన్ని సున్నాకి దిగనిచ్చి, రాగి లేని పాలీక్వాట్ నాచు మందు కాపలా పెట్టి, విటమిన్ సి. తరవాత లోహం కట్టే మందు. క్లోరిన్ మెల్లిమెల్లిగా పెంచుతాను. అయినా ఆ మందు నెలనెలా పోస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఒక ఏడాది అయ్యాక ఇంకో సగం మార్చేస్తాను.

మావగారు: నేనైతే ఎరువు చల్లేవాడిని అంచుకి మూడడుగుల దూరం నుంచే మళ్ళించమంటాను, ఆ రాగి మందు సీసా అవతల పడేస్తాను. రాగీ ఇనుమూ కొత్తగా రాకపోతే ఇప్పుడున్న మరకల గోల నాకు పట్టదు.

అల్లుడు: మీకు పట్టదు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడికి పడుతుంది.

ఈ ఒక్క విషయంలో ఇద్దరూ రాజీ పడలేదు. నన్నడిగితే వరస విషయంలో మావగారి పక్షం, పటిక విషయంలోనూ సయనూరిక్ ఆసిడ్ విషయంలోనూ అల్లుడి పక్షం. విటమిన్ సి గోడ మీది ఇనుముని నీళ్ళలోకి మారుస్తుందే గానీ పూల్లోంచి బయటికి పంపదు. బయటికి పోవాలంటే నీళ్ళు మార్చడం ఖాయమైన దారి, కాబట్టి ఏడాది తరవాత ఇంకో సగం మారుస్తానన్న అల్లుడి మాటా కొట్టిపారేయలేం. మీ ఇంట్లో పూల్ ఉంటే మందు సీసా కొనేముందు వెనక అచ్చువేసినది చదవండి, కాపర్ అని ఉంటే అక్కడే వదిలేయండి. అడుగున డ్రెయిన్ మూత స్పష్టంగా కనబడేదాకా పిల్లల్ని దింపకండి, పెద్దవాళ్ళు పక్కనే ఉన్నా సరే.